అల్మారాలో మందార మొక్క

"మాస్టారూ, ముందే చేసి దాచుకున్న ఆకుని క్లాసులో చూపిస్తే అది అబద్ధం కిందికి వస్తుందా?" అని అడిగింది హైమావతి.

సోమవారం, బడి వదిలేశారు. సైన్సు గదిలో నేను బల్లలు తుడుస్తున్నాను. మస్తాన్‌వలీ మాస్టారు కిటికీ దగ్గర కూర్చుని పగిలిన గాజుగొట్టాలు ఏరుతున్నారు. ఆయనకో అలవాటుంది. ఏదడిగినా "చూద్దాం" అంటారు. చాలామంది ఆ మాట పని ఎగ్గొట్టడానికి అంటారు. ఈయన అన్నారంటే నిజంగానే చూద్దామని. ఉడికిన గుడ్డు, పచ్చి గుడ్డు నీళ్ళలో ఒకేలా మునుగుతాయా అని ఒకసారి ఒక పిల్ల అడిగింది. రెండు గుడ్లు, గ్లాసెడు నీళ్ళు ఆ పిల్ల ముందు పెట్టి బయటికి వెళ్ళిపోయారు. తిరిగొచ్చి చూస్తే పచ్చి గుడ్డు గ్లాసు అడుగున ఉంది, ఉడికింది పిల్ల కడుపులో ఉంది. "రెండూ మునిగాయన్నమాట" అని తన పనిలో పడ్డారు.

హైమావతి ఈ బడిలోనే చదువుకుంది, ఈయన దగ్గరే. ఇప్పుడు బీఈడీ చేస్తూ పాఠాలు చెప్పడం నేర్చుకోడానికి మళ్ళీ ఇక్కడికే వచ్చింది. గురువారం మధ్యాహ్నం ఆఖరి పాఠం. బయట్నుంచి పరీక్షాధికారి వచ్చి వెనక బెంచీలో కూర్చుని మార్కులేస్తాడు. పోయినేడు ఇంకో బడిలో ఇదే పరీక్షకి సున్నపు తేటలోకి గొట్టంతో ఊది చూపించబోయింది. తెల్లబడాల్సిన నీళ్ళు తెల్లబడలేదు. పిల్లలు నవ్వారు. ఈమె ఏడ్చుకుంటూ బయటికెళ్ళింది, తప్పింది. ఈసారి కూడా తప్పితే చదువు మానిపించి తన షాపులో కుట్టుమిషను ముందు కూర్చోబెడతానని వాళ్ళన్న తేల్చి చెప్పాడు. ఆ పిల్లకి సూదిలో దారం కూడా సరిగ్గా ఎక్కించడం రాదు.

గురువారం పాఠం ఏందంటే, ఆకు ఎండలో ఉంటేనే తనలో పిండి తయారుచేసుకుంటుందని చూపించాలి. దానికో పద్ధతి ఉంది. మొక్కని మూడు రోజులు చీకట్లో పెట్టాలి. ఆకులో ఉన్న పిండంతా అయిపోతుంది. అప్పుడు ఒక ఆకు మధ్యలో నల్లకాగితం పట్టీ కట్టి మొక్కని ఎండలో పెట్టాలి. తర్వాత ఆ ఆకుని కోసి, ఉడికించి, స్పిరిట్‌లో రంగు దింపి, పైన అయోడిన్ చుక్కలు వెయ్యాలి. ఎండ తగిలిన చోటల్లా నల్లబడుతుంది, పట్టీ కట్టిన చోట తెల్లగా ఉండిపోతుంది. ఇన్నేళ్ళుగా ఈ గది ఊడుస్తున్నాను, ఏటేటా వింటున్నాను, ఐదు చదివినదాన్నయినా నాకే నోటికొచ్చేసింది. పిల్లలకి రాకుండా ఉంటుందా?

హైమావతి పోయినవారం ఇంటి దగ్గర ఇదంతా ఒకసారి చేసి చూసుకుంది. చక్కగా వచ్చింది. అట్టా చేసిన ఆకొకటి, అయోడిన్ వెయ్యడమొక్కటే తరువాయిగా, చిన్న సీసాలో స్పిరిట్ పోసి తెచ్చుకుంది. గురువారం ఆకు మొరాయిస్తే ఇది తీద్దామని. "అందరూ ఒకటి పెట్టుకుంటారంట మాస్టారూ. పెట్టుకోనా?" అంది.

"పెట్టుకో."

"తప్పు కాదా మరి?"

"నీ పాఠం గురువారం గదా? శుక్రవారం అడుగు" అని, ఏరిన గాజుముక్కలు కాగితంలో చుట్టి నా చేతికిచ్చారు.

హైమావతి సీసాని బల్ల డ్రాయర్లో పెట్టింది. మందార మొక్క ఉన్న కుండీని మోసుకొచ్చి చెక్క అల్మారాలో పెట్టి, తలుపు దగ్గరగా వేసి, "ఆయమ్మా, నేనొచ్చేసరికి ఇది ఇందులోనే ఉండాలి, ఎవర్నీ ముట్టుకోనివ్వకు" అని నాకు చెప్పి వెళ్ళింది.

ఆ అల్మారా నా పూచీ. పోయిన వానాకాలం దాంట్లో చెదలు పట్టి సగం పుస్తకాలు మట్టయిపోయినప్పుడు హెడ్మాస్టరు తిట్టింది చెదల్ని కాదు, నన్ను. ఇప్పుడు తడి కుండీ తెచ్చి చెక్క మీద పెడితే నేనూరుకుంటానా? మంగళవారం పొద్దున ఆరున్నరకి గది తాళం తీశాను. కుండీ కింద చెక్క అప్పుడే చెమ్మగా ఉంది. మొక్కని ఎందుకు దాచిందో నేను ఆలోచించకపోలేదు. పిల్లలు పూలు తుంపుతారని దాచింది అనుకున్నాను. పిల్లలొచ్చేది తొమ్మిదిన్నరకి. ఆ లోపల ఎవరు తుంపుతారు? కుండీ తీసి వరండా పిట్టగోడ మీద ఎండలో పెట్టాను. అల్మారా తుడిచి, తలుపులు బార్లా తీసి ఆరబెట్టాను. తొమ్మిదింపావుకి మళ్ళీ లోపల పెట్టేశాను. ఆమె వచ్చేసరికి ఇందులో ఉండాలంది, ఉంది. మూడు రోజులు చీకట్లో అన్న ముక్క నాకూ నోటికి వచ్చు. ఆ చీకటీ ఈ అల్మారా ఒకటేనని మాత్రం బుర్రకి తట్టలేదు. నోటికి రావడమంటే అంతే మరి.

బుధవారం కూడా అట్టాగే చేశాను. ఆ రోజు మాస్టారు పెందలాడే వచ్చారు. సైకిలు స్టాండు వేసి పిట్టగోడ దగ్గర ఆగారు.

"రోజూ పెడుతున్నావా అంకమ్మా?"

"రోజూ. చెదలు పడతాయని."

ఆయన కుండీని చూశారు, నన్ను చూశారు, ఎండని చూశారు. ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచి, మూసేసి, లోపలికెళ్ళిపోయారు. గురువారం పొద్దున కూడా మొక్క గోడ మీదే ఉంది.

తొమ్మిదిన్నరకి హైమావతి వచ్చింది. పదో తరగతి పిల్లల ముందు అల్మారా తెరిచి కుండీ బయటికి తీసి, "మూడు రోజుల్నుంచి ఇది చీకట్లో ఉంది" అని చెప్పి, ఒక ఆకుకి నల్లకాగితం కట్టి, తెచ్చి సరిగ్గా నేను పెట్టే చోటే పిట్టగోడ మీద పెట్టింది. ఇప్పటికి బుద్ధొచ్చింది ఈ పిల్లకి అనుకున్నాను.

రెండింటికి పాఠం. వెనక బెంచీలో పరీక్షాధికారి పురుషోత్తం గారు, ఒళ్ళో ఫైలు. కిటికీ దగ్గర మాస్టారు. గుమ్మంలో నేను, నీళ్ళ బిందెతో. హైమావతి బాగానే మొదలుపెట్టింది. ఆకు ఉడికింది. స్పిరిట్‌లో రంగంతా దిగి, ఉడకేసిన క్యాబేజీ రేకులా పాలిపోయింది. దాన్ని పళ్ళెంలో పరిచి అయోడిన్ వేసి, పిల్లల వైపు తిరిగి అడిగింది.

"కాగితం కట్టిన చోట ఎట్టా ఉంది?"

నలభై మంది ఒక్క గొంతుతో అరిచారు. "రంగు మారలేదు టీచర్! అక్కడ పిండిపదార్థం లేదు టీచర్!"

పళ్ళెం బల్ల మీదుంది. వాళ్ళు కూర్చున్న చోటికి అందులో ఆకు కనపడదు. నేను నిలబడి ఉన్నాను, నాకు కనపడుతోంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా పెనం అడుగులా నల్లగా ఉంది.

హైమావతి అప్పుడు తల దించి చూసింది. పరీక్షాధికారి కూర్చున్న చోట్నుంచి ఆయనకీ ఆకు కనపడదు. పిల్లలు కావలసిన జవాబు చెప్పేశారు. పళ్ళెం కడిగేస్తే అయిపోయె. అదీ కాదంటే డ్రాయర్లో సీసా ఉండనే ఉంది. ఆమె చెయ్యి డ్రాయరు మీదికెళ్ళింది. జానెడు లాగింది కూడా. సీసా గలగలమని దొర్లిన చప్పుడు నాకు వినపడింది.

అట్టా కాసేపు నిలబడి, డ్రాయరు తోసేసింది.

"ఝాన్సీ, ఇట్రా. వచ్చి ఆకు చూసి చెప్పు."

ఝాన్సీ ఆఖరి వరస పిల్ల. వచ్చి పళ్ళెంలోకి వంగింది. ఆకుని చూసింది, టీచర్ని చూసింది. మెల్లిగా, "కాగితం కట్టిన చోట రంగు మారలేదు టీచర్" అంది.

"ఆకుని చూసి చెప్పమన్నానే. నన్ను చూసి కాదు."

ఆ పిల్ల మళ్ళీ వంగింది. "నల్లగా ఉంది టీచర్."

"ఎక్కడ?"

"అంతా."

"మరి ఇందాక మారలేదన్నావు?"

"గైడులో అట్టా ఉంది టీచర్."

గదంతా గొల్లుమంది. పోయినేడు ఇట్టాంటి నవ్వుకే ఈమె బయటికి పరిగెత్తింది. ఈసారి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. వెనకనుంచి పురుషోత్తం గారు, "ఏమ్మా, మధ్యలో తెల్లగా రావాలి కదా?" అన్నారు.

"రావాలి సార్. రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"తెలీదు సార్. వెతుకుతాం."

నలుగురు నలుగురిని పిలిచి ఆకు చూపించింది. చూసొచ్చినవాళ్ళు చూసొచ్చినట్టు నోళ్ళు మూసుకున్నారు. ఎందుకిట్టా అయిందో చెప్పండి అంది. కాగితానికి చిల్లుందేమో అంది ఒకతె. కాగితం కిటికీకి ఎత్తిపట్టి చూశారు, చిల్లు లేదు. అయోడిన్ పాడైందేమో, దేని మీద వేసినా నల్లబడుతుందేమో అంది ఇంకొకతె. వంటగదిలోంచి రెండు మెతుకులు, చిటికెడు ఉప్పు తెప్పించి చుక్కలేశారు. మెతుకులు నల్లబడ్డాయి, ఉప్పు నల్లబడలేదు. అయోడిన్ తప్పేం లేదు. ఇంతలో ఝాన్సీయే లేచింది, పిలవకుండా.

"టీచర్, కాగితం కట్టకముందే దాని కడుపులో ఉందేమో! పొద్దున తినొచ్చినోళ్ళని గదిలో పెట్టి గొళ్ళెం వేసినా మధ్యాహ్నానికి కడుపు ఖాళీ అవుతుందా ఏంది?"

"మూడు రోజులు అల్మారాలో ఉంది ఝాన్సీ. నా చేత్తో పెట్టాను, నా చేత్తో తీశాను. తినడానికి ఎండేదీ?"

అప్పుడు తెలిసొచ్చింది నాకు. బిందె తీసుకుని వెళ్ళిపోవచ్చు. ఎవరికీ తెలీదు. కానీ ఆ పిల్ల నా వల్ల అట్టా నిలబడి ఉంటే, నేను వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోసుకోనా?

"అది మూడు రోజులు చీకట్లో లేదు హైమమ్మా" అన్నాను. "రోజూ పొద్దున నేను తీసి ఎండలో పెట్టాను. నువ్వొచ్చే ముందు లోపల పెట్టాను."

అందరూ నా వైపు తిరిగారు. పురుషోత్తం గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "నువ్వెవరమ్మా?"

"ఈ గది ఊడ్చేదాన్ని."

"దాన్నెందుకు తీశావు?"

"చెదలు సార్. తడి కుండీ చెక్క మీద పెడితే ఊరుకుంటాయా? మీ ఇంట్లో బీరువాలో పెట్టుకుంటారా మీరు?"

పిల్లలు మళ్ళీ నవ్వారు. హైమావతి నవ్వలేదు. నన్ను తినేస్తుందనుకున్నాను. ఆమె సుద్దముక్క తీసుకుంది.

"ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా ఆయమ్మా?"

"ఆరున్నర నుంచి తొమ్మిదింపావు."

"ఇవాళ కూడానా?"

"ఇవాళ కూడా."

బోర్డు మీద రాసింది. అప్పుడిక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కాగితం కట్టేసరికే ఆకు దాదాపు మూడు గంటలు ఎండలో తిని కూర్చుంది. కాగితం కింద నల్లబడిందంటే పొద్దున తిన్నది ఇంకా అక్కడే ఉందని. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి మాట్లాడటం మొదలుపెట్టారు. రెండు కుండీలు పెడదాం, ఒకదానికి తాళం వేద్దాం, ఒకటి ఆయమ్మకిద్దాం. కాదు, మూడు పెడదాం, ఒకటి గంట సేపే ఎండలో ఉంచుదాం. గంటతో పట్టదే, అరపూట ఉండాలి. నీకేం తెలుసే? నీకు తెలుసా? ఆ రొదలో గంట కొట్టింది. కొట్టినా ఎవరూ లేవలేదు.

పిల్లలు పోయాక పురుషోత్తం గారు బల్ల దగ్గరకొచ్చి పళ్ళెం చూశారు. "కాంతి అవసరమని చూపించడం ఈ పాఠం ఉద్దేశం. అది నెరవేరలేదు. ఆ గడిలో నేను మార్కులేమీ వెయ్యలేను" అన్నారు.

"తెలుసు సార్."

"డ్రాయర్లో రెండో ఆకు లేదా? పదకొండేళ్ళుగా ఈ పరీక్షలకి తిరుగుతున్నాను. ప్రతి బడిలోనూ ఆ తెల్లపట్టీ ఒక్కలాగే ఉంటుంది. ఇంత నల్లటి ఆకుని ఇవాళే చూడటం."

"ఉంది సార్." డ్రాయరు లాగి సీసా బల్ల మీద పెట్టింది.

"మరి తియ్యలేదేం?"

"వాళ్ళు చూడకుండానే అరిచారు సార్. అది విన్నాక తియ్యబుద్ధి కాలేదు" అంది.

ఆయన ఫైల్లో ఏదో రాసుకుని వెళ్ళిపోయారు. ఏం రాశారో ఎవరికీ చూపించలేదు. మర్నాడు శుక్రవారం. హైమావతి వచ్చింది, రెండు కుండీలు తెచ్చింది, మాస్టార్ని మాత్రం ఏమీ అడగలేదు. ఆయనా గుర్తు చెయ్యలేదు. కుండీల కింద పెట్టడానికి నేను రెండు రేకు మూతలు వెతికిచ్చాను, చెదల భయం లేకుండా.

నెలన్నర పోయాక ఫలితాలొచ్చాయి. హైమావతి పాసయింది. ఒక్క గడిలో సున్నా పడ్డందుకు ఫస్టుక్లాసు పోయింది. అయినా కుట్టుమిషను తప్పింది. పూతరేకుల పొట్లం పట్టుకుని బడికొచ్చింది. సైన్సు గదిలో మాస్టారు తరాజుకి నూనె రాస్తున్నారు. నాకూ ఒకటిచ్చింది. తింటూ నోరూరుకోక, "ఆ రోజు మాస్టారైనా చెప్పి ఉంటే ఫస్టుక్లాసు వచ్చేది గదమ్మా" అన్నాను.

"మాస్టారేం చెప్తారు?"

"ఏం చెప్తారేంది? బుధవారం పొద్దునే చూశారు గదా, కుండీ గోడ మీదుండటం."

హైమావతి చేతిలో పొట్లం అట్టాగే ఉండిపోయింది. మాస్టారి వైపు తిరిగింది.

"చూశారా మాస్టారూ?"

"చూశాను."

"నేను మళ్ళీ తప్పితే మా అన్న ఏం చేస్తానన్నాడో మీకు తెలుసు."

"తెలుసు. బుధవారం రాత్రి నాకు నిద్ర పట్టలేదు."

"నిద్ర పట్టకపోతే పొద్దున్నే వచ్చి ఒక్క ముక్క చెప్పొచ్చు గదా!" ఆ గొంతు విని నేనే పూతరేకు పక్కన పెట్టాను. ఆయన ముందు అంత గట్టిగా మాట్లాడినవాళ్ళని అంతకుముందు నేను చూడలేదు.

మాస్టారు నూనె గుడ్డ కింద పెట్టారు. తరాజు ముల్లు కదలడం ఆగిందాకా చూశారు.

"చెప్పుంటే ఆకొక్కటే బాగా వచ్చేది తల్లీ" అన్నారు.